గేటు దాటిన తాళాలు

ఫోన్ పెట్టేసి మామయ్యగారు రెండు చేతులూ పైకెత్తారు.

"వచ్చేసింది! లోను వచ్చేసింది! ఏమేవ్, విన్నావా? మేనేజరే స్వయంగా చేశాడు. రేపు పదింటికి సంతకాలట!"

"వీధి వీధంతా వింది. నాకు వినపడకుండా ఎలా ఉంటుంది?" అన్నారు అత్తయ్య వంటింట్లోంచి.

నేను చేతిలో గరిటెతో సహా ఎగిరి గంతేశాను. పెళ్ళయి అరవై మూడు రోజులు. రోజులు లెక్కపెట్టడం మానెయ్యమని మా అక్క ఫోన్లో కేకలేస్తుంది గానీ, నాకింకా ప్రతి పొద్దూ కొత్తగానే ఉంది. నిన్న బాల్కనీలో మొక్కకి మొగ్గ కనిపించింది. ఇవాళ లోను.

"అంతా నువ్వొచ్చిన వేళ, తల్లీ!" అన్నారు మామయ్యగారు. నా కాళ్ళు భూమ్మీద లేవు.

అసలు సంతోషం వేరే ఉంది. ఇక ఇంట్లో మళ్ళీ మాటలు మొదలవుతాయి కదా అని. మూడు రోజులుగా తండ్రీ కొడుకులకి మాటల్లేవు. తాళాల ఫ్యాక్టరీకి కొత్త మెషీను కొని తీరాలని మామయ్యగారు. వద్దని మా ఆయన. ఎందుకు వద్దో చెప్పరా అంటే నోరు మెదపరు. మంచినీళ్ళ సీసా కావాలన్నా నా మీదుగానే. "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ పేపరు ఇటు ఇమ్మను." "నాన్నకి చెప్పు, పేపరు ఆయన పక్కనే ఉందని." ఇద్దరి మధ్యా నేను పోస్టాఫీసునైపోయాను.

మా ఆయన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒక కాలికి మేజోడు ఉంది. రెండోది చేతిలో ఉంది.

"విన్నావుగా?" మామయ్యగారు మూడు రోజుల తర్వాత మొదటిసారి నేరుగా అడిగారు. "బ్యాంకు వాడే నమ్మాడు. నా కొడుకు నమ్మడానికేం రోగం?"

"బ్యాంకు ఇంటినీ, ఫ్యాక్టరీ స్థలాన్నీ నమ్మింది నాన్నా. రెండూ తాకట్టు పెడుతున్నాం కదా."

"పెడితే? ఏడాదికి లక్ష తాళాలు చేస్తున్నాం. మెషీనొస్తే లక్షన్నర చేస్తాం. నాలుగేళ్ళలో కాగితాలు విడిపించి నీ చేతిలో పెడతా, సరేనా?"

మా ఆయన చేతిలోని మేజోడును మడత పెట్టారు. విప్పారు. మళ్ళీ మడత పెట్టారు.

"ఒక్క కాగితం మిగిలింది," అన్నారు మామయ్యగారు నా వైపు తిరిగి. "మూడేళ్ళ నిష్పత్తులట. వంద అమ్మితే లాభం ఎంత, కట్టాల్సిందెంత, రావాల్సిందెంత. ఒక్క పేజీలో రాసి, అకౌంట్స్ చూసేవాడు కింద సంతకం పెట్టాలట. అకౌంట్స్ చూసే మీ ఆయన మూతి చూశావుగా, వారం పడుతుంది. నువ్వు చేస్తావా? నువ్వు చదివింది అదేగా?"

"అరగంట పని మామయ్యా!"

నిజంగా నాకదంటే ఇష్టం. కాలేజీలో అందరూ ఆ పాఠానికి నిద్రపోయేవాళ్ళు. నేను మాత్రం ముందు బెంచీలో కూర్చునేదాన్ని. ఒంటరిగా ఉన్న అంకె ఏమీ చెప్పదు. లాభం పదిహేను అంటే ఏం తెలుస్తుంది? దాని పక్కన అమ్మకాన్ని తెచ్చి కూర్చోబెడితే అప్పుడు రెండూ కబుర్లు మొదలుపెడతాయి. మా ఆయన్ని మొదటిసారి కలిసినప్పుడు ఇదే చెప్పాను. ఆయన నవ్వి, "నాకు నిష్పత్తులంటే భయం," అన్నారు. అకౌంట్స్ చూసేవాడికి భయమేమిటని నేను పడీ పడీ నవ్వాను. ఆ నవ్వుకే పడిపోయానని తర్వాత చెప్పారు.

"నువ్వు ముట్టుకోకు," అన్నారు మా ఆయన మెల్లగా. "సాయంత్రం నేను చేస్తాలే."

"సాయంత్రం దాకా ఎందుకు? అమ్మాయి చేస్తానంటోంది కదా," మామయ్యగారు అప్పటికే పెన్సిలు చెక్కుతున్నారు.

"చేయనీయండి. నాకూ ఈ ఇంట్లో ఒక ఉద్యోగం ఉన్నట్టుంటుంది," అన్నాను.

మా ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళిపోయారు. రెండో మేజోడు కుర్చీ మీదే ఉండిపోయింది.

*

భోజనాల బల్ల మీద మూడేళ్ళ లెక్కలు పరిచాను. మామయ్యగారు పక్కనే కూర్చుని, తన పచ్చ అట్ట పుస్తకం కూడా తెచ్చి పెట్టారు. గేటు పుస్తకం. ఫ్యాక్టరీ గేటు దాటిన ప్రతి లారీ, అందులో ఎన్ని పెట్టెలు, ఏ డీలరుకి, అన్నీ ఆయన సొంత దస్తూరీ.

"కంప్యూటరు తప్పు చెప్పొచ్చు. ఇది చెప్పదు," అన్నారు. "మా నాన్న నేర్పిన లెక్క ఇది. గేటు దాటితే అమ్మినట్టే. ఆ రోజుల్లో డబ్బు చేతిలో పడితే గానీ లారీ కదిలేది కాదులే."

"ఇప్పుడు అప్పు మీద పంపుతున్నాం కదా మామయ్యా?"

"పంపితే? మన డీలర్లు బంగారం. రెండు నెలలు తిరక్కుండా కట్టేస్తారు."

లెక్కల సంవత్సరం ఆఖరి రోజున ఆయన గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటారట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లారీలు. గోడౌన్‌లో ఒక్క పెట్టె మిగలకూడదు. ఏడాది మొత్తంలో నాన్న అంత సంతోషంగా ఉండే రోజు ఇంకోటి లేదని మా ఆయన పెళ్ళికి ముందే చెప్పారు.

"వందకి లాభం పన్నెండు, పన్నెండు, పన్నెండున్నర," అన్నాను రాస్తూ.

"ఏమేవ్, వింటున్నావా?"

"వింటున్నా. పన్నెండున్నర," వంటింట్లోంచి జవాబు. కుళాయి కింద గిన్నెల చప్పుడు.

"ఇది ఇంకా బాగుంది మామయ్యా. ఏడాదిలోపు మనం కట్టాల్సినవి వంద అనుకోండి. ఏడాదిలోపు మన చేతికి రావాల్సినవి మొదటేడు నూట అరవై, తర్వాత నూట తొంభై, ఇప్పుడు రెండొందల ముప్పై."

"రెండింతలు దాటింది!" ఆయన బల్ల మీద చరిచారు. పెన్సిలు ఎగిరి కిందపడింది. "ఇంత గట్టిగా ఉన్న కంపెనీకి మెషీను వద్దంటాడు చూడు వాడు."

నేను తర్వాతి వరుసకి వచ్చాను. అమ్మిన సరుకు డబ్బు ఎన్ని రోజుల్లో చేతికొస్తోందో చెప్పే లెక్క. డీలర్ల దగ్గర నిలిచిపోయిన మొత్తాన్ని ఏడాది అమ్మకంతో భాగించి, మూడొందల అరవై ఐదుతో హెచ్చించాలి. మొదటేడు యాభై ఎనిమిది రోజులు. చక్కగా ఉంది. రెండో ఏడు నూట పదహారు. కళ్ళు నులుముకున్నాను. మూడో ఏడు రెండొందల ఒకటి.

మళ్ళీ చేశాను. రెండొందల ఒకటే. మూడోసారి చేశాను. నాకు నవ్వొచ్చింది. మా ఆయన్ని ఏడిపించడానికి మంచి అవకాశం దొరికింది కదా అని.

"ఏమండోయ్ అకౌంట్స్‌గారూ!" బాల్కనీకి వినపడేలా అరిచాను. "టైపు చేసేటప్పుడు ఎవరి గురించి ఆలోచిస్తున్నారేంటి? తాళాల డబ్బు రావడానికి రెండొందల ఒక్క రోజులు పడుతోంది ఇక్కడ!"

ఎవరూ నవ్వలేదు.

వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

"రెండొందలా?" మామయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అరవై కదా ఎప్పుడూ? ఒరేయ్, ఏంట్రా ఇది?"

మా ఆయన లోపలికి వచ్చి, నా ముందున్న కాగితం తీసుకున్నారు.

"టైపు తప్పే నాన్నా. నేను సరిచేస్తా."

"మరి అదే చెప్పు. నా ప్రాణం పోయిందనుకో." మామయ్యగారు లేచి చొక్కా తొడుక్కున్నారు. "సాయంత్రానికి సంతకంతో సహా కావాలి. నేను మేస్త్రి దగ్గరికి పోతున్నా. మెషీనుకి చోటు కొలవాలి."

కొలిచే టేపు జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగారు. అరవై మూడు రోజుల్లో ఆయన ఈల వెయ్యగా నేను వినలేదు.

*

గదిలో తలుపు వేశాక అడిగాను.

"టైపు తప్పు కాదు కదా?"

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"డీలర్ల జాబితా పేరు పేరునా కూడి చూశాను. సరిపోయింది. పదిహేను లక్షల లాభం వచ్చిన కంపెనీకి బ్యాంకులో రెండు లక్షలే ఉన్నాయి. మిగతా పదమూడు ఎక్కడున్నట్టు? పైగా ఆ రెండొందల ముప్పై అని నేను సంబరపడ్డానే, అందులో ముప్పాతిక ఈ రాని డబ్బే. అది తీసేస్తే అక్కడ ఏమీ లేదండీ."

"నీకెందుకివన్నీ?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మంచం అంచు మీద కూర్చుండిపోయాను. అద్దం దగ్గర ఒకే గ్లాసులో మా ఇద్దరి బ్రష్షులూ ఉన్నాయి. రోజూ పొద్దున్న వాటిని చూసి నవ్వుకుంటాను. ఇవాళ అటు చూడబుద్ధి కాలేదు.

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు ఆపకుండా కొడుతున్నారు.

"పోనీ నేనే ఒక డీలరుకి ఫోన్ చేసి అడుగుతా," అన్నాను. "ఎంత బాకీ అని."

నేను ఫోన్ అందుకునే లోపే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా ఏం కాదు.

"వాళ్ళు మనకి బాకీ ఏమీ లేరు," అన్నారు. "చెప్పులేసుకో. పోదాం."

"ఎక్కడికి?"

"ఆ రెండొందల ఒక్క రోజులూ ఎక్కడున్నాయో చూపిస్తా."

మేం దిగుతుంటే వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉన్నారు. ఎక్కడికని అడగలేదు. "గొడుగు తీసుకెళ్ళండి, ఎండగా ఉంది," అన్నారంతే.

*

బస్సు దిగి చాలాదూరం నడిచాం. వెల్డింగ్ షాపులు, టైర్ల దుకాణాలు దాటాక ఒక ఇరుకు సందు. రెండు పక్కలా గోడలు. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. దాని చివర రేకుల షెడ్డు.

మా ఆయన తాళం తీశారు. మా ఫ్యాక్టరీ తాళమే.

లోపల చీకటికి కళ్ళు అలవాటు పడడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత కనిపించాయి. నేల నుంచి రేకుల దాకా అట్టపెట్టెలు. ప్రతి పెట్టె మీదా మామయ్యగారు ఎంతో మోజుపడి గీయించుకున్న ఎర్ర తాళం బొమ్మ. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి మాత్రం వదిలారు.

"మన పెట్టెలు," అన్నాను పిచ్చిదానిలా.

"అన్నీ మనవే. నాలుగున్నర నెలల అమ్మకం."

"అమ్మకం ఏంటి? ఇవి ఇక్కడుంటే..."

"మూడేళ్ళ కిందట నంబర్ల తాళాలొచ్చాయి. తాళంచెవి అక్కర్లేదు, ధర సగం. మన డీలర్లు మొహమాటానికి ఏడాది ఆఖర్లో లారీలు దింపించుకునేవాళ్ళు. నెల తిరగ్గానే నాకు ఫోను. బాబూ, కదలట్లేదు, వెనక్కి తీసుకుపో అని." ఆయన ఒక పెట్టె మీద చెయ్యి వేశారు. "వెనక్కి తెస్తే మళ్ళీ గేటులోంచే కదా తేవాలి. గేటు దగ్గర ఆయన కూర్చుని ఉంటాడు."

"అందుకని ఇక్కడికి?"

"మొదటిసారి ముప్పై పెట్టెలే. ఒక్క నెల ఇక్కడుంచి వేరే ఊళ్ళో అమ్మేద్దాం అనుకున్నా. లారీ ఈ సందులోకి రాదు. రోడ్డు మీద దింపి, తోపుడు బండి మీద తెచ్చా. అమ్మలేకపోయా. మరుసటేడు ఇంకా వచ్చాయి."

"వాపసు వచ్చినట్టు పుస్తకంలో రాయలేదా?"

"రాస్తే లాభం ఎక్కడిది? వంద అమ్మామని రాసిన చోట నిజంగా అమ్మింది డెబ్భై ఏడు. రెండేళ్ళుగా నష్టం. ఆడిటరుగారు నాన్నకి చిన్నప్పటి దోస్తు. గేటు పుస్తకం తిప్పిచూసి, టీ తాగి, సంతకం పెట్టేసి పోతాడు. సరిగ్గా ఒక్క నిష్పత్తి వేసి ఉంటే నిరుడే పట్టుకునేవాడు. నువ్వు అరగంటలో పట్టుకున్నావు."

మెచ్చుకుంటున్నారో తిడుతున్నారో తెలియలేదు. రెండూ కావేమో.

గోడకి ఒక మేకు, దానికి గుచ్చిన రసీదుల దొంతర. పై కాగితం చూశాను. షెడ్డు అద్దె. కట్టింది మా ఆయన, సొంత పేరు మీద. అంకె చూసి, ఆయన జీతం పక్కన పెట్టాను. నాకు ఆ అలవాటు పోదు. సగం కంటే ఎక్కువ.

"ఇదంతా మీ జీతంలోంచా?"

"కంపెనీ లెక్కలో రాస్తే నాన్నకి తెలిసిపోతుంది కదా."

దొంతర తిరగేస్తుంటే ఒక తేదీ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. మా పెళ్ళయిన పన్నెండో రోజు. ఆరు నెలల అద్దె ఒక్కసారే కట్టారు. ఆ రోజు నాకు బాగా గుర్తు. సాయంత్రం ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చి, స్కూటరు అమ్మేశానన్నారు. "నడిస్తే ఎక్కువసేపు కబుర్లు చెప్పుకోవచ్చు కదా," అన్నారు. నేను ఆ మాట మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను. మా కాలేజీ స్నేహితురాళ్ళందరికీ చెప్పాను. ఎంత మంచివాడే అని వాళ్ళు కుళ్ళుకున్నారు.

"స్కూటరు..." అన్నాను.

ఆయన తల దించుకున్నారు.

"మనం సినిమాకి వెళ్తే ముందు వరసలో చవక టిక్కెట్లు?"

ఆయన పెట్టె మీద దుమ్ము చేత్తో తుడిచారు.

"మనం రోజూ సాయంత్రం ఒక్క టీ తీసుకుని రెండు గ్లాసుల్లో పోసుకుంటాం కదా. అది కూడానా?"

"మొదటి రోజు కాదు," అన్నారు. "మొదటి రోజు నిజంగానే నీతో పంచుకుని తాగాలనిపించింది. ఒట్టు. తర్వాత అద్దె పెరిగింది."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఎటో పోయి ఏడుపైంది. ఒక పెట్టె మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అరవై మూడు రోజులుగా నేను పుట్టింటికి ఫోన్ చేసి దాచుకోకుండా చెప్పుకున్న సంతోషాలన్నీ ఈ షెడ్డు తినేసింది. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు.

"నాకు ముందే చెబితే ఏమయ్యేది?"

"ఏం చెప్పను? నేను దొంగ లెక్కలు రాస్తున్నా, పెళ్ళి చేసుకుంటావా అనా?"

"అవును. అలాగే అడగాల్సింది. టీ మానేసి మీతో వచ్చి ఈ పెట్టెలు మోసేదాన్ని."

ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డారు.

"ఇవాళ ఆ కాగితం మీద అరవై అని రాసి సంతకం పెడితే ఏమవుతుంది?" అడిగాను.

"లోను వస్తుంది. మెషీను వస్తుంది. లక్షన్నర తాళాలు తయారవుతాయి. నేను ఇంకో షెడ్డు వెతుక్కోవాలి."

"తర్వాత?"

"ఏడాది. మహా అయితే ఏడాదిన్నర. తర్వాత బ్యాంకు వాళ్ళు ఇంటికొస్తారు."

"ఇల్లూ పోయి, ఫ్యాక్టరీ పోయి, అప్పుడు ఎవరో బయటివాళ్ళు మామయ్యకి చెబుతారు. అంతేనా?"

"అందుకేగా మూడు రోజులుగా వద్దు వద్దంటున్నా!" షెడ్డు దద్దరిల్లేలా అరిచారు.

"ఎందుకు వద్దో చెప్పారా ఆయనకి?"

"చెప్పలేను! ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా? రోజూ భోజనం దగ్గర ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ కూర్చుంటా. ఆయన తన కంచంలోంచి తీసి నా కంచంలో వేస్తాడు. తినరా, పన్నెండున్నర తెచ్చిపెట్టావు, అంటాడు. ఎలా చెప్పమంటావు?"

నేను చదివిన పుస్తకాల్లో దీనికి వరుస లేదు.

తాళం వేసి బయటికి వచ్చాక, సందు మధ్యలో ఆగారు.

"నువ్వు చెబితే నేను ఆపలేను," అన్నారు నా వైపు చూడకుండా. "కానీ ఆయన ముఖం అలా అయిపోవడం చూశాక, నీ ముఖం చూడగలనో లేదో నాకు తెలీదు."

గొడుగు నా చేతిలో పెట్టి ముందు నడిచారు. ఎండలో. నేను వెనక. అంత పెద్ద గొడుగు కింద ఒక్కదాన్నే.

*

ఇంటికి వచ్చేసరికి మామయ్యగారు హాల్లో సోఫాలు గోడకి జరిపి, నేల మీద సుద్దముక్కతో పెద్ద చతురస్రం గీసి ఉన్నారు.

"రా తల్లీ, రా! ఇదిగో, మెషీను ఇంత ఉంటుంది. అసలు సైజే. ఇక్కడ మేస్త్రి నిలబడతాడు. నువ్వక్కడ నిలబడ్డావే, అక్కడి నుంచి తాళాలు ఊడిపడతాయి, టకటకా."

"ఆ సుద్ద ఎవరు తుడుస్తారో కూడా గీయండి," అన్నారు అత్తయ్య టీ కప్పులు తెస్తూ.

"నేనే తుడుస్తాలేవే. ఈ ఒక్క రాత్రీ ఉండనీ." ఆయన మోకాలు పట్టుకుని కష్టపడి లేచారు. "ఏరా, కాగితం అయిందా?"

మా ఆయన నా వైపు చూడకుండా వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారు. కొత్త కాగితం తీసుకున్నారు. వందకి లాభం రాశారు. రెండో వరుస రాశారు. మూడో వరుస దగ్గర, యాభై ఎనిమిది. పక్కన, అరవై.

ఆయన పెన్ను ఆగింది. తర్వాతి గడి ఖాళీగా ఉంది.

మామయ్యగారు వెనక నిలబడి, కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. "మూడు రోజులు నిన్ను బాధపెట్టాన్రా," అన్నారు. "నీ భయం నాకు తెలుసు. తండ్రి ముసలాడయ్యాడు, అప్పు మీద పడుతుందేమోనని. ఈ మూడేళ్ళూ నువ్వు లెక్కలు చూస్తున్నావనే నేను నిశ్చింతగా పడుకున్నా. అది ఎప్పుడూ నీతో అనలేదు. అంటున్నా."

మా ఆయన భుజాలు కదిలాయి. పెన్ను మళ్ళీ కాగితం మీదికి వచ్చింది. ఆరు అనే అంకె సగం పడింది.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మామయ్యా, సంతకం ఇవాళ వద్దు."

పెన్ను ఆగింది. అత్తయ్య చేతిలో ట్రే ఆగింది.

"అదేంటమ్మా?"

"ముందు మీకొకటి చూపించాలి. బ్యాంకుకి వెళ్ళేలోపు. రేపు పొద్దున్నే ఎనిమిదింటికి బయల్దేరదాం. మీరూ నేనూ."

"ఎక్కడికి?"

"అది రేపే. ఇప్పుడు అడగొద్దు."

నా కళ్ళల్లో నీళ్ళు చూశారాయన. చూసి, ముఖమంతా వెలిగిపోయేలా నవ్వారు.

"అర్థమైంది! లోను వచ్చిందని నాకేదో బహుమతి కొన్నారు ఇద్దరూ కలిసి. మధ్యాహ్నం మాయమైంది అందుకే కదూ? సరే సరే, అడగనులే. పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకుంటా." గది వైపు వెళ్తూ, "ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టావే?" అని అరిచారు.

మా ఆయన లేచారు. సగం ఆరు ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా ముందు ఉంచారు. నన్ను దాటుకుని వెళ్ళి మా గది తలుపు వేసుకున్నారు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఈ అరవై మూడు రోజుల్లో నేను బయట ఉండగా ఆ గడియ పడడం ఇదే మొదటిసారి.

అత్తయ్య వంగి కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నారు. తల ఎత్తలేదు.

"ఎనిమిదింటికి కాదమ్మా," అన్నారు మెల్లగా, వెనక గదిలోకి వినపడకుండా. "ఏడున్నరకే బయల్దేరదాం, నేనూ వస్తాను. ఆటో ఆ సందులోకి పోదు. ఈయన మోకాళ్ళతో ఆ షెడ్డు దాకా నడవాలంటే చాలాసేపు పడుతుంది."